అత్త అమ్మిన తెల్లబట్ట

మొన్న పొద్దున వరంగల్ కాశిబుగ్గలో మా మేనత్త పోయింది. ఫోన్ చేసిన బావ ఏడుస్తూనే, "తల్లిగారింటి బట్ట నువ్వే తేవాలె రా" అన్నాడు. ఆడబిడ్డ పోతే పుట్టింటివాళ్లు బట్ట తెచ్చి కప్పాలి. మా నాన్న లేడు కనుక ఆ పని నా మీద పడింది.

మామ మగ్గం మీద నేసిన తువ్వాలలు, పంచెలు మూటగట్టి అత్త ఏటూరునాగారం దిక్కు వారం వారం జరిగే అంగళ్లు తిరిగేది. డిగ్రీ అయిపోయి పనిలేని రోజుల్లో నేనూ వెంట పోయేవాణ్ణి. ఆ అడవి ఊళ్ల గురించి నాకు తెలిసిందంతా ఆ మూట పక్కన కూర్చుని తెలుసుకున్నదే. మిర్చి, పత్తి చేలు, వాటి వెనకే అడవి, ఆవల గోదావరి. వానాకాలం వాగులు పొంగితే ఏ ఊరికి ఆ ఊరు తెగిపోతుంది. జ్వరం వచ్చిన మనిషిని మంచంతో సహా మోసి రోడ్డెక్కించాలి. మిర్చి ధర పలికిన ఏడు అంగడి కళకళలాడేది. పడిపోయిన ఏడు జనం చూసి, తడిమి, వెళ్లిపోయేవారు. నేను విసుక్కుంటే అత్త, "జర నవ్వి మాట్లాడు అల్లుడా, కొనకపోయినా నడిచొచ్చిండ్లు గదా" అనేది.

మీరెవరైనా ఆ అంగళ్లకు పోయుంటే మూట అడుగున మడిచి పెట్టిన తెల్లబట్ట చూసే ఉంటారు. పీనుగు మీద కప్పే బట్ట. దానికి బేరమాడరు. ఎవరు పోయారని అమ్మేవాళ్లు అడగరు. అడిగితే ఆ చావు తమ ఇంటి దారి పడుతుందని భయం. కొలిచి, చింపి, మొహం చూడకుండా ఇచ్చెయ్యడమే. అత్తా అట్లాగే ఇచ్చేది.

ఒక అంగడినాడు ఒక మిర్చి రైతు వచ్చి ఆ బట్ట కొన్నాడు. తెలిసినవాడే, ఏటా తువ్వాల కొనేవాడు. అత్త తల వంచుకుని ఇచ్చింది. తర్వాతి అంగడికి అతని భార్య వచ్చింది. ఆ బట్ట అతను తన పీనుగు మీద కప్పడానికే కొనుక్కున్నాడని అప్పుడు తెలిసింది.

"ఒక్క మాట అడుగకపోతివి గదా అక్కా" అందామె. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఇక ఆనాటి నుంచి అత్త అందరినీ అడగడం మొదలుపెట్టింది. "ఎవలకు బిడ్డా? ఎట్ల పోయిండు? నువ్వు తిన్నవా?" జనం హడలిపోయేవారు. ఒకాయన "పాడు నోరు నీది!" అని బట్ట ఆమె మొహాన కొట్టి పోయాడు. పక్కన కూర్చునేవాళ్లు దూరం జరిగారు. అప్పటికి బతికున్న మామ, "చావును మనింటికి పిలిచెటట్టున్నవు" అని మొత్తుకున్నాడు.

"తిట్టనియ్యి. తిట్టెటోడు బతికే ఉన్నడు గదా" అనేది అత్త.

జవాబు చెప్పలేక నిలబడిపోయినవాణ్ణి ఒక్కణ్ణే చూశాను. వయసులో ఉన్నవాడు. అత్త బట్టను తిరిగి మూటలో కుక్కి, అతని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, తన సద్ది విప్పి పెట్టింది. చాలాసేపటికి అతను లేచి ఊరి దారి పట్టాడు. తర్వాత ఏమయ్యాడో తెలియలేదు. ఆ తెలియకపోవడమే ఆమెను తినేసింది. మోకాళ్లు పనిచేసినన్నాళ్లూ ప్రతి అంగడిలో అతని కోసం వెతికింది. కనబడలేదు.

బావ ఫోన్ పెట్టేశాక వరంగల్ చౌరస్తాలో ఒక బట్టల దుకాణానికి పోయి తెల్లబట్ట అడిగాను. దుకాణదారు తలెత్తలేదు. కొలిచాడు, చింపాడు, కాగితంలో చుట్టి నా ముందుకు తోశాడు. నేను డబ్బులిచ్చి అక్కడే నిలబడ్డాను.

"ఇంకేమన్న కావాల్నా సార్?"

"ఎవలకని అడుగవా అన్నా?" అన్నాను.

"అట్ల అడుగరు సార్" అని అతను గాబరాగా నా వెనకాల ఉన్న మనిషి వైపు తిరిగాడు. ఆ మనిషీ తెల్లబట్టే కావాలన్నాడు. ఒంటరిగా వచ్చాడు. బట్ట తీసుకుని బయటికి నడిచాడు.

ఈపాటికి కాశిబుగ్గలో పాడె కట్టేసి ఉంటారు. జేబులో బావ ఫోన్ మోగుతూనే ఉంది. నేను గడప దగ్గర అడ్డంగా నిలబడి, "ఎవలకు తమ్మీ?" అన్నాను. అతను బట్టను చంకలో అదుముకుని నా మొహంలోకి చూస్తున్నాడు.