ఊరికే ఉంటే ఆగిపోయే లాప్‌టాప్

మా లాప్‌టాప్ ఆగిపోయిందన్న సంగతి మొదట నాకూ తెలియలేదు, నా భార్యకూ తెలియలేదు. కాసేపు ఆగండి, పిలుస్తాం అని ఇంగ్లిషులో ఒక ముక్క తెర మధ్యలో కనిపిస్తోంది. ఆమె ఆగింది. ఇస్త్రీ చేసిన తెల్లకోటు వేసుకుని, జుట్టు బిగించి ముడి వేసుకుని, చేతులు రెండూ బల్ల మీద పెట్టుకుని, బడిలో ఫోటో దిగే పిల్లలా కదలకుండా కూర్చుంది. నేను గుమ్మం అవతల నిలబడి, నా దగ్గు ఎక్కడ కెమెరాలోకి పోతుందోనని గొంతు పట్టుకుని ఉన్నాను. ఎంతసేపైనా ఎవరూ పిలవలేదు. పెద్ద హాస్పిటల్ వాళ్లు, ఆలస్యం చేస్తారులే అనుకున్నాం. చివరికి, గల్ఫ్ ఉద్యోగాలు చూసిపెట్టే హైదరాబాద్ ఏజెన్సీ అతను ఫోన్ చేశాడు.

"ఏం మేడం, మీరు రానేలేదు? మీ నంబర్ పిలిచి పిలిచి దాటిపోయిన్రు."

అప్పుడు చూశాను తెర మూలనున్న గడియారాన్ని. అది చూపే వేళకూ గోడ గడియారం చూపే వేళకూ పొంతనే లేదు. మౌస్ కదిలిస్తే బాణం కదల్లేదు. క్యాప్స్ లాక్ నొక్కితే చిన్న దీపం వెలగలేదు. లాప్‌టాప్ ఎప్పుడో ప్రాణం విడిచింది, మేమిద్దరం శవం ముందు మర్యాదగా కాచుకుని ఉన్నాం.

బతికిపోయాం, అది అలవాటు కోసం ముందుగా పెట్టే ఉత్తుత్తి ఇంటర్వ్యూ. అసలుది శనివారం.

నా భార్య నర్సు. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు హాస్పిటల్‌లో ఏళ్ల తరబడి పగలూ రాత్రీ అనకుండా చేసింది. ఇప్పుడు గల్ఫ్‌లో ఒక పెద్ద హాస్పిటల్‌లో ఉద్యోగానికి పేరు ఇచ్చింది. వాళ్లకు వయసు పట్టింపు ఉంది. ఈ ఏడు దాటితే ఆమెను తీసుకోరు. ఏ మిషన్ మీద ఇంటర్వ్యూకి కూర్చుంటారో దాన్ని ముందే నమోదు చేయాలన్నారు, మాది చేసేశాం. పక్కింటివాళ్లది అడుక్కొచ్చుకునే దారి కూడా లేకుండా పోయింది. కాబట్టి ఆమె బతుకు మొత్తం నా పాత లాప్‌టాప్ చేతిలో పడింది. నా చేతిలో పడిందన్నా ఒకటే.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను, దాచుకుని లాభం లేదు. ఆమె నన్ను అడగలేదు. కాగితాలన్నీ పంపేశాక, ఒక రోజు అన్నం వడ్డిస్తూ, "గల్ఫ్‌కు పేరిచ్చిన" అంది. నేను ముద్ద కలుపుతూ "ఓ" అన్నాను. అంతే, అయిపోయింది సంప్రదింపు. మా వైపు గల్ఫ్‌కి మగవాళ్లు పోతారు. మా బాపు పోయాడు. నాకు మీసాలు వచ్చేదాకా బాపు అంటే ఎస్టీడీ బూత్‌లో ఫోన్ లోపలి నుంచి వచ్చే ఒక గొంతు మాత్రమే. అట్లాంటి ఇంట్లో పుట్టినవాణ్ణి కదా, 'పోనా?' అని ఒక్క మాట అడుగుతుందేమోనని చూశాను. అడిగితే ఏం చెప్పేవాణ్ణో నాకే తెలియదు. అడగకపోయేసరికి మాత్రం కూర్చున్న చోట కూర్చోలేకపోయాను. ఆ వారమంతా నేను కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను.

ఆ రోజు ఏజెన్సీ అతని ఫోన్ పెట్టేయగానే ఆమె కోటు విప్పి కుర్చీ మీదికి విసిరింది.

"ఎన్నిసార్లు చెప్పిన, అందరి లెక్క విండోస్ ఉంచుమని? ఊకుంటివా? లైనెక్స్ అట, వైరస్ రాదట! వైరస్ రాలే, పానమే పోయింది."

"దాని తప్పు గాదే. విండోస్ ఉన్నప్పుడు తెరుసుకునేటందుకే పూట పట్టేది, మర్సిపోయినవా?"

"పూట పట్టినా తెరుసుకునేది గదా!"

 నేను బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్పే పంతుల్ని. మా వీధిలో ఎవరి కంప్యూటర్ మొరాయించినా విండోస్ తీసేసి, డబ్బు పెట్టి కొనక్కర్లేని లైనెక్స్ వేసుకోండని ఉచితంగా ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. ఇప్పుడు నా ఇంట్లోనే పరువు పోయే పరిస్థితి. వేసవి సెలవులు కాబట్టి వేరే పని కూడా లేదు. లుంగీ ఎగ్గట్టి కూర్చున్నాను.

మొదట వేడి మీద అనుమానం పడ్డాను. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది, గోడలు తాకితే చురుక్కుమంటున్నాయి. అడుగు మూత విప్పి, ఫ్యాన్‌లో దూది పేరుకున్నట్టున్న దుమ్మంతా పాత టూత్‌బ్రష్‌తో తీశాను. వేడి తగ్గింది. లాప్‌టాప్ మళ్లీ ఆగిపోయింది. మెమరీ మీద అనుమానం పడ్డాను. ఊడదీసి, రబ్బరుతో తుడిచి, తిరిగి పెట్టి, దాన్ని పరీక్షించే ప్రోగ్రాం పెట్టాను. ఒక్క తప్పూ లేదంది. తీరిగ్గా చాయ్ తాగి వచ్చేసరికి ఆగిపోయి ఉంది. లైనెక్స్ లోపల కెర్నెల్ అని గుండెకాయలాంటి భాగం ఉంటుంది. దాన్ని మార్చి పాతది వేశాను, కొత్తది వేశాను. ఆగిపోయింది. ఏం జరిగినా రాసుకునే చిట్టా ఒకటి లోపల ఉంటుంది కదా, దాన్ని తెరిచాను. చచ్చేవాడు చివరి మాటైనా చెబుతాడు, ఇది ఆ మర్యాద కూడా పాటించలేదు. అంతా బాగుంది, అంతా బాగుంది అని రాసుకుంటూ వచ్చి, అక్కడితో తెగిపోయింది.

అన్నిటికంటే ఒళ్లు మండించింది ఏమిటంటే, ఎదురు చూస్తే ఆగదు. ఒక రోజు దాన్ని చంపేద్దామనే ఉద్దేశంతో, లోపల ఉన్న ప్రాసెసర్‌కి ఊపిరి సలపని లెక్కలు ఇచ్చి వదిలాను. మధ్యాహ్నమంతా బుస్సుబుస్సుమంటూ చేసింది. పెనంలా కాలింది. ఆగలేదు. నేను చెమటలు కక్కుతూ దాని ఎదురుగా కూర్చుని, "ఆగవే, దమ్ముంటే ఇప్పుడాగు" అని బతిమాలుతున్నాను. డ్యూటీ నుంచి వచ్చిన నా భార్య గుమ్మంలో నిలబడి అది విన్నది.

"ఆగుమంటున్నవా, ఆగకుమంటున్నవా?" అని అడిగి, సమాధానం కోసం చూడకుండా లోపలికి పోయింది. నాకు ఎక్కడో తగిలింది.

గురువారం మా అత్తమ్మ ఆదిలాబాద్ నుంచి బస్సు దిగింది. ఒక సంచిలో జొన్న రొట్టెలు, ఇంకో సంచిలో బైబిలు. కూతురి ఇంటర్వ్యూ కోసం వచ్చింది. కాళ్లు కడుక్కోకముందే లాప్‌టాప్ సంగతి అడిగింది.

"అల్లుడా, ఫికర్ జేయకు. మిషిన్ అయితేంది, మనిషి అయితేంది, ఆయనకు లొంగనిది ఉంటదా? ఇటు పట్రా."

మా మెథడిస్టు సంఘంలో ప్రార్థన అంటే మా అత్తమ్మదే. పట్టిందంటే పాస్టరు గారు కూడా ఒంటి కాలు మీద నిలబడి, కాలు మార్చుకుని, మళ్లీ మొదటి కాలి మీదికి రావాలి. లాప్‌టాప్ తెరిచి బల్ల మీద పెట్టాను. ఆమె దాని మూత మీద చెయ్యి వేసింది. ముగ్గురం కళ్లు మూసుకున్నాం.

"కృపగల మా తండ్రీ, నీకు స్తోత్రములు. ఈ మిషిన్ల ఏ లోపమున్నదో నీకు తెలుసు తండ్రీ. చేసినోళ్లకు తెల్వకపోవచ్చు, మా అల్లునికి తెల్వకపోవచ్చు..."

అక్కడ నాకు కొంచెం కోపం వచ్చింది. ప్రార్థన మాత్రం లాప్‌టాప్ దగ్గర ఆగలేదు. వర్షాల మీదికి పోయింది, పత్తి పంట మీదికి పోయింది, కాగజ్‌నగర్‌లో ఉన్న మరదలి మోకాలి నొప్పి మీదికి పోయింది, గల్ఫ్‌లో ఉన్న బిడ్డలందరినీ ఒక చుట్టు చుట్టి వచ్చింది. ఆమెన్ అనేసరికి నా కాళ్లు తిమ్మిరెక్కాయి. కళ్లు తెరిచి మౌస్ కదిలించాను. బాణం కదల్లేదు.

"అయ్యో దేవా," అంది అత్తమ్మ. నా భార్య ముఖం పక్కకు తిప్పుకుంది. ఏడుస్తోందేమోనని భయపడ్డాను. నవ్వు ఆపుకుంటోంది.

నాకు మాత్రం నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. లెక్కలు చేయించినప్పుడు ఆగలేదు. ప్రార్థన చేసినప్పుడు ఆగింది. చాయ్ తాగడానికి పోయినప్పుడు ఆగింది. కాసేపు ఆగండి అన్న ముక్క ముందు మేం చేతులు కట్టుకుని కాచుకున్నప్పుడు ఆగింది. ఎవరూ ముట్టనప్పుడు, దానికి చేయడానికి ఏమీ లేనప్పుడు, అప్పుడే అది చస్తోంది.

"అత్తమ్మా," అన్నాను, "ఇంకోసారి ప్రార్థన చెయ్యవా?"

ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పెళ్లయిన ఇన్నేళ్లలో అల్లుడు తనంతట తాను ప్రార్థన చేయమని అడగడం అదే మొదలు. లాప్‌టాప్ మళ్లీ వెలిగించి పెట్టాను. ఈసారి ఆమె నా విశ్వాసాన్ని గురించి కూడా చాలా చెప్పింది. ఆమెన్ అన్నాం. లాప్‌టాప్ మళ్లీ చచ్చి ఉంది. "మంచిగైంది!" అని నేను కేక వేసేసరికి ఆమె తెల్లబోయి కూతురి వైపు చూసింది.

నా ఫోన్‌లో వెతికితే దొరికింది. ప్రపంచంలో నాలాంటి పరేషాన్ మనుషులు ఎందరో ఒకరికొకరు రాసుకుంటున్న చోట ఉంది జవాబు. పని లేనప్పుడు ప్రాసెసర్ కరెంటు మిగల్చడానికి కునుకు తీస్తుంది. కొంచెం తీరిక దొరికితే చిన్న కునుకు, ఎక్కువ దొరికితే గాఢనిద్ర. మా దాంట్లో ఉన్న పాత రకం, గాఢనిద్రలోకి పోతే ఒక్కోసారి లేవదు. మందు కూడా అక్కడే రాసి ఉంది. లాప్‌టాప్ మొదలయ్యేటప్పుడు చదువుకునే వరుసలో ఒక చిన్న మాట చేర్చాలి, గాఢనిద్ర వద్దు, కునుకుతోనే సరిపెట్టుకో అని. బ్యాటరీ తొందరగా అయిపోతుంది, అంతే.

ఒక్క వరుస. రాయడానికి నిమిషం పట్టదు. నేను ఆ పేజీ చదివి, ఫోన్ జేబులో పెట్టుకుని, చెప్పులేసుకుని బయటికి పోయాను.

ఎండ ఇంకా దిగలేదు. ఊరి పక్కనున్న డ్యాం కట్ట దాకా నడిచాను. నీళ్లు బాగా లోపలికి పోయాయి, ఒడ్డంతా పగుళ్లు. కట్ట మీద ఒక కొస నుంచి ఇంకో కొసకు నడిచాను, మళ్లీ వెనక్కి నడిచాను. నేను ఆ వరుస రాయకపోతే ఎవరికి తెలుస్తుంది? అన్ని విధాలా చూశాను, దొరకలేదు అంటే ఎవరు కాదనగలరు? ఆమె రెండు రోజులు ఏడుస్తుంది, తిడుతుంది, తర్వాత ఎప్పటిలాగే డ్యూటీకి పోతుంది. సాయంత్రం ఇంటికి వస్తుంది. ఇంటికి వస్తుంది అన్న మాట దగ్గరికి వచ్చేసరికి నా కాళ్లు ఆగిపోయేవి. అంత ఆశ ఉంది నాకు. ఇంత నీచంగా ఆలోచిస్తున్నావేంట్రా అని నన్ను నేనే తిట్టుకున్నాను, తిట్టుకుంటూనే మళ్లీ అదే ఆలోచించాను. ఆమె ఒక్క మాట అడిగి ఉంటే ఇదంతా ఉండేది కాదు కదా అని ఆమె మీద కూడా కోపం తెచ్చుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి ఆమె వంటింట్లో గోడ వైపు తిరిగి, ఇంగ్లిషులో తనకు తాను ప్రశ్నలు వేసుకుని జవాబులు చెప్పుకుంటోంది. పేషెంటు పడిపోతే ముందు ఏం చేస్తారు? ముందు శ్వాస చూస్తాను. తర్వాత నాడి చూస్తాను. ఒక చోట తప్పు పోయింది. "థూ" అని నెత్తి మీద తానే మొట్టుకుని మొదటి నుంచి చెప్పింది. పక్కన పొయ్యి మీద పప్పు మాడు వాసన వస్తోంది. ఆమెకు తెలియడం లేదు. నేను పొయ్యి కట్టేసి, ముందుగదిలోకి వచ్చి, ఆ వరుస రాశాను.

అత్తమ్మతో మూడోసారి ప్రార్థన చేయించాను. ఆమెన్ అన్నాక బాణం కదిలింది. "చూసినవా అల్లుడా!" అంది. చూశాను అన్నాను. ఏ రకంగా చూసినా అబద్ధం కాదు.

శనివారం పొద్దున ఆమె మళ్లీ తెల్లకోటు వేసుకుంది. అదే ముక్క తెర మీదికి వచ్చింది. నేను కెమెరాకు అందకుండా, బల్ల పక్కన నేల మీద కూర్చుని మూలనున్న గడియారాన్నే చూస్తున్నాను. అది నడుస్తోంది. పిలిచారు. అవతల ఒక పెద్దావిడ, ఇంకొకాయన. అడిగారు, చెప్పింది. శ్వాస అడిగారు, నాడి అడిగారు, మందుల లెక్క అడిగారు. ఎక్కడా తడబడలేదు. చివరికి ఆ పెద్దావిడ, ఇంటి దగ్గర అందరికీ ఇష్టమేనా, మీ భర్త ఒప్పుకున్నారా అని అడిగింది.

లాప్‌టాప్ ఆగిపోతే బాగుండునని ఆ ఒక్క క్షణం నేను మనసారా కోరుకున్నాను. ఆగలేదు. నా పని నేను బాగానే చేశాను.

"పూర్తిగా ఒప్పుకున్నారు మేడం," అంది నా భార్య ఇంగ్లిషులో, నా వైపు చూడకుండా. "ఈ లాప్‌టాప్ పాడైతే ఆయనే కూర్చుని బాగు చేశారు."

పెద్దావిడ నవ్వింది. మంచిది, టికెట్ సంగతి ఏజెన్సీ చెబుతుంది అంది. తెర ఖాళీ అయింది. వంటింట్లోంచి అత్తమ్మ స్తోత్రం, స్తోత్రం అంటోంది. నేను లేచి నిలబడ్డాను.

"నేను ఒప్పుకున్ననని నీకెవరు జెప్పిన్రు? ఎన్నడన్న అడిగినవా నన్ను?"

ఆమె కోటు గుండీలు ఒక్కొక్కటీ విప్పుతూ, నిదానంగా నా ముఖంలోకి చూసింది. కోపం లేదు.

"ముందుగాల్ల అడిగితే," అంది, "బాగు చేసేటోనివా నువ్వు?"

"చేసేటోణ్ణే," అన్నాను. గట్టిగానే అన్నాను. కొంచెం ఆలస్యంగా అన్నాను.