సున్నం వెయ్యని గోడ

మా అమ్మాయి రాసి, బొమ్మలేసిన పిల్లల పుస్తకం వచ్చేసిందండి! ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. అట్ట మీద మా చిన్నోడి ముఖం.

తుఫాను నీళ్లు మన ఊరు ముంచిన ఏడాది గుర్తుందా? వాడు ఆ నీళ్లలోనే పోయాడు. ఒక్క ఫోటో మిగల్లేదు. మా అమ్మాయే బొగ్గుతో వంటింటి గోడ మీద తమ్ముడి ముఖం గీసింది. ఏటా సున్నాలప్పుడు మా ఆవిడ పనివాడికి చెప్పేది.

"అక్కడ వెయ్యకు బాబూ, మావాడున్నాడు."

మొన్నటి వానలకు ఆ గోడ కూలిపోయింది. మా ఆవిడ రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఈవేళ ఆ పుస్తకం ఒళ్లో పెట్టుకుని, అట్ట తడుముతూ కూర్చుంది.

పెనుగొండలో మా చెల్లికి, తణుకు బావగారికి, పెద్దాపురం వదినకి, మా ముందు వాడి పేరెత్తడం మానేసిన చుట్టాలందరికీ చెప్పండి.