యాభై నంబరు నూనె, మా బావ చెయ్యి

మొన్న మా బావ పదకొండో రోజు భోజనాల దగ్గర వాళ్ల చిన్నకొడుకు చుట్టాలందరికీ ఆ పాత లారీ కథ మళ్లీ చెప్పాడు. చలికి బిగుసుకుపోయిన సేటుగారి లారీ తన తండ్రి చెయ్యి పడగానే ఎట్లా లేచిందో, ఆ ఒక్క తిప్పుతో డ్రైవర్ సీటు ఆయనకు ఎట్లా దక్కిందో చెబుతుంటే విస్తళ్ల ముందు కూర్చున్నవాళ్లంతా తలలూపారు. నేనూ ఊపాను, చావు ఇంట్లో ఇంకేం చేస్తాను? తిరుగు ప్రయాణంలో మునగాల దగ్గర ఆయిల్ దుకాణం ముందు కారు ఆగినప్పుడు, ఒక ప్లాస్టిక్ డబ్బా మీద రెండు అంకెలు, వాటి మధ్య ఒక ఇంగ్లీషు అక్షరం కనిపించాయి. వాటి అర్థం ఏమిటని అడిగితే దుకాణదారు అవి కంపెనీవాళ్లు వేసినవేనన్నాడు. ఆనాడు లారీని లేపింది డబ్బా మీది అంకేనని, చెయ్యి కాదని తెలిసిన మనిషిని ఇక నేనొక్కణ్ణే. నేనూ పోతే చెయ్యే మిగులుతుంది. అందుకే ఇది రాసి పెడుతున్నాను.

పోలీసు యాక్షన్ అయిన తర్వాత వచ్చిన చలికాలం అది. సూర్యాపేటలో ఒక బియ్యం మిల్లు సేటు దగ్గర నేను లారీ క్లీనర్‌ని. మా అక్క భర్త, అంటే మా బావ, అదే మిల్లులో బస్తాలు తూచేవాడు. ఆయన చెయ్యి మంచిదని సేటుకు గట్టి నమ్మకం. పొద్దున మొదటి బస్తా కాంటా ఎక్కించాలన్నా, కొత్త తాళం తెరవాలన్నా బోణీ మా బావ చేతితోనే జరగాలి. లారీ ముందు ఇనుప హ్యాండిల్ దూర్చి ఇంజను తిప్పడం కూడా అట్లాగే ఆయనకు దఖలు పడింది. ముసలి డ్రైవర్‌కు చూపు తగ్గి ఇంటికి వెళ్లిపోయాక, ఆయన దగ్గరే బండి నడపడం నేర్చుకున్న మా ఇద్దరిలో సీటు నాకా బావకా అన్నది తేలకుండా ఉంది. తెల్లవారకముందే బండిని లేపి కోదాడ బజారుకు బియ్యం చేర్చి, అటునుంచి మిర్యాలగూడ వెళ్లి వడ్లు తెచ్చేవాడికే సీటు అన్నాడు సేటు. ఆ సీటు కోసం నేను ఎంత తపించానో ఇప్పుడు చెబితే నవ్వుతారు. గొర్రెల మంద వెనక నడిచిన ఇంట్లో పుట్టినవాణ్ణి, స్టీరింగు వెనక కూర్చోవాలనుకోవడం చిన్న ఆశ కాదు.

ఆ చలిలో బండి లేచేది కాదు. ఇంజను నూనె డబ్బా మీది అంకె అంటే మా వాళ్లకు బలం. పెద్ద అంకె వేసిన నూనె పోస్తే పెద్ద బలం. అందుకని ఏడాది పొడుగునా యాభై నంబరే పోసేవారు. తెల్లవారుజామున అది బానలో ఆముదంలా కదలనని మొరాయించేది. మా బావ ఇనుప తట్టలో ఊక నిప్పులు తెచ్చి ఇంజను కింద పెట్టి, నూనె వెచ్చబడ్డాక హ్యాండిల్ తిప్పేవాడు. అప్పటికి కోదాడ బజారు సగం అయిపోయేది.

నేను సాయంత్రాలు గ్రంథాలయంలో గడిపేవాణ్ణి. అక్కడ అట్ట ఊడిన ఇంగ్లీషు మోటారు పుస్తకం ఒకటి ఉండేది. దాన్ని ఇంటికి తెచ్చుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని, ఒక్కో పేజీ కూడబలుక్కుంటూ చదివాను. ఆ అంకె బలం కాదని, చిక్కదనమని అందులోనే తెలిసింది. కాగిన నూనెను సన్నని రంధ్రం గుండా వదిలి, కారడానికి ఎంతసేపు పట్టిందో చూసి ఆ అంకె వేస్తారట. వేడిలోనే చిక్కగా ఉన్నది చలిలో ఇంకెంత చిక్కబడుతుంది? చలికాలానికి చిన్న అంకె, ఎండాకాలానికి పెద్ద అంకె అని స్పష్టంగా రాసి ఉంది. ఇది చదివిన రోజు మిల్లుకు దాదాపు పరుగెత్తాను. మా బావ అందరి ముందూ నవ్వి, వీడు పాలల్లో నీళ్లు కలిపే గొల్లోళ్ల ఇంట పుట్టి నూనెను కూడా పల్చన చేస్తానంటున్నాడన్నాడు. తానూ గొల్ల ఇంటివాడేనన్న సంగతి ఆ క్షణంలో ఆయనకు గుర్తు రాలేదు.

ఒకనాడు ఊక నిప్పురవ్వ ఎగిరి గోనెసంచి అంటుకుంది. సేటు భార్య భయపడి, బండి కింద నిప్పు పెడితే తాను పుట్టింటికి పోతానంది. అప్పుడు దిక్కులేక సేటు నా పుస్తకం మాట విన్నాడు. బెజవాడ నుంచి ముప్పై నంబరు డబ్బా తెప్పించాడు. సాయంత్రం ఇంజను వేడిగా ఉండగానే బండి కింద దూరి పాత నూనె దింపి, కొత్తది పోసింది నేను. తెల్లవారి హ్యాండిల్ అందుకోబోయాను. సేటు నన్ను ఆపి, కొత్త నూనెకు బోణీ కావాలని బావను పిలిచాడు. మజ్జిగలో కవ్వం తిరిగినట్టు తిరిగింది హ్యాండిల్. ఇంజను ఒక్క దగ్గు దగ్గి లేచింది.

"సూసినవా, చెయ్యంటే గిట్లుండాలె," అన్నాడు సేటు, నా వైపు తిరిగి మరీ. అక్కడే కొబ్బరికాయ కొట్టించి బావను సీట్లో కూర్చోబెట్టాడు. నా చేతులకు నల్ల నూనె జిడ్డు ఇంకా వదలలేదు.

ఆ తర్వాత కోదాడ దారి పొడుగునా బావ ముందు, నేను వెనక బస్తాల మీద. హోటలు ముందు ఆగితే చాయ్ మొదట ఆయనకే వచ్చేది. నిడమనూరు వైపు వెళ్తే మా చుట్టాలు ఇళ్లలోంచి బయటికి వచ్చి ఆయన హారన్ మోగించే తీరు చూసి మురిసిపోయేవారు. మా అక్క అయితే నాకు అన్నం వడ్డిస్తూనే, "మా ఇంటాయన చెయ్యేస్తే బండి గూడ మాట ఇంటది తమ్మీ," అనేది. నేను సగం తిని చెయ్యి కడుక్కునేవాణ్ణి.

మరుసటి చలికాలం మొదలవుతుండగా ఒక సాయంత్రం బావ మా పెరటి తలుపు తట్టాడు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు: "ఏ నంబర్ పోద్దాం, బామ్మర్ది?"

ముప్పై అన్నాను. చాయ్ తాగి వెళ్లిపోయాడు. సొంత లారీ కొన్నాక, ముసలితనంలో ట్రాక్టరు కొన్నాక కూడా చలి మొదలవగానే పెరటి తలుపు దగ్గరికే వచ్చాడు. నలుగురిలో మాత్రం చేతి మహిమ గురించే మాట్లాడాడు. ఒక్కసారి ఆ నలుగురి ముందు అడుగుతాడేమోనని జీవితమంతా చూశాను. అడగలేదు.

నేను తెలుసుకున్నదానికి సాయపడ్డవాళ్లకు ఇక్కడ దండం పెట్టుకుంటాను. తన పూచీ మీద పుస్తకం ఇంటికి ఇచ్చిన గ్రంథాలయం పెద్దాయనకు, పాత నిఘంటువు ఇచ్చిన బడిపంతులుకు, నిప్పుకు భయపడిన సేటు భార్యకు, ఎన్ని మాటలన్నా ముద్ద తక్కువ చేయని మా అక్కకు. చివరికి మా బావకు కూడా; నూనె సంగతి నాకు తెలుసునని ఏటా ఒప్పుకున్నది ఆయనొక్కడే.

ఇంటికి వచ్చాక ఆరా తీస్తే తెలిసింది: ఇప్పటి డబ్బా మీది రెండు అంకెల్లో మొదటిది, దాని పక్క అక్షరం చలికి, రెండోది వేడికి. ఒకే నూనె తెల్లవారుజామున పల్చగా కదిలి, మధ్యాహ్నం ఎండకు చిక్కదనం నిలుపుకుంటుంది. ఏ కాలానికి ఏది పోయాలో ఇక ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు. రాత్రుళ్లు చలి అప్పుడే మొదలైంది. మా ఇంట్లోవాళ్లు పెరటి తలుపుకు గడియ పెడుతుంటే, ఇంకాసేపు ఉండనీయమన్నాను.