మరుగుజ్జుది ఏ ఊరు?

శౌరమ్మ మూడున్నర అడుగుల మనిషి. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఆమెను చూసినవాళ్ళంతా ముందు అదే చూసి, ఆ తరవాత ఇంకేమీ చూడకుండా వెళ్ళిపోయేవాళ్ళు. రెండేళ్ళపాటు నేనూ ఆ బాపతే.

1974లో నేను గవర్నరుపేటలో ఒక పబ్లిషరుకి నెలకో జానపద నవల రాసేవాణ్ణి. అట్ట మీద వెంకటసుబ్బారావు అని నా పేరు ఎర్రక్షరాల్లో ఉండేది. లోపల ఒక రాకుమారుడు, ఒక మాంత్రికుడు, ఒక గుహ, ఆ గుహ తలుపు దగ్గర ఒక మరుగుజ్జు. మరుగుజ్జు మాత్రం అన్ని నవలల్లోనూ ఒక్కడే. మాంత్రికుడి నౌకరు, గూనివాడు, "హిహిహి" అని నవ్వి తలుపు తీసేవాడు. అచ్చుదిమ్మ చేయించి పెట్టుకుంటే సరిపోయేది, మళ్ళీ మళ్ళీ రాయడం దేనికని కంపోజిటరు ఒకసారి వెక్కిరించాడు కూడా.

నేను రాసే పద్ధతి వేరు. మధ్యాహ్నం అన్నాలయ్యాక ప్రెస్సు వెనక బైండింగు గదిలో చేరి అక్కడి ఆడవాళ్ళకి వేషాలు పంచేవాణ్ణి. నువ్వు రాకుమారుడివి, ఎదురుగా కొండచిలువ ఉంది, ఏం చేస్తావు అని అడిగేవాణ్ణి. వాళ్ళు ఏదో చెప్పేవాళ్ళు. అది నెగ్గుతుందో లేదో నాలుగు గవ్వలు తేల్చేవి. సాయంత్రం ఇంటికెళ్ళి జరిగింది జరిగినట్టు రాసేసేవాణ్ణి. చెప్పుకోవడానికి సిగ్గేగాని, నా నవలల్లో తెలివైన మాటలన్నీ ఆ గదివే.

కొల్లేటి వైపు నుంచి వచ్చిన పేరమ్మ ఎప్పుడూ రాకుమారుడు. మరుగుజ్జు వేషమూ ఆమెదే. మోకాళ్ళ మీద నడిచి, మూతి వంకర పెట్టి గదంతా నవ్వించేది. మా యజమాని రామకోటేశ్వరరావుగారు అప్పుడప్పుడు తొంగిచూసి తనూ ఆడేవారు. ఆయన వస్తే రాజు వేషం ఆయనకే. శౌరమ్మ మాత్రం మూలన కూర్చుని, వెదురుబద్దతో ఫారాలు, అంటే పదహారేసి పేజీలు అచ్చయిన పెద్ద కాగితాలు, మడుస్తూ, దారం ఎక్కించి కుడుతూ ఉండేది. నవ్వేది కాదు. మైలుతుత్తం కలిపిన మైదా జిగురు వాసనకి తలనొప్పేమో అనుకునేవాణ్ణి. నా బుద్ధి అంతవరకే పోయింది.

ఆమెది గుణదల. చిన్నప్పుడు తిరునాళ్ళకి తండ్రి ఏటా భుజాన ఎక్కించుకుని కొండెక్కి, పిల్ల ఎదగాలని మేరీమాతకి మొక్కేవాడట. తొమ్మిదో ఏట భుజం దిగి తనే ఎక్కింది. ఏం అడిగావే అని తండ్రి అడిగితే, ఎత్తు అడగలేదు, మెట్లు చిన్నవి చేయించమన్నాను అందట. ఇరవయ్యో ఏట సర్కసు మేనేజరు ఇంటికొచ్చాడు. పనేమిటంటే ఈమె కింద పడాలి, జనం నవ్వాలి. మంచినీళ్ళిచ్చి పంపేసింది. కూర్చుని చేసే పనిలో అందరిదీ ఒకటే ఎత్తని బైండింగులో చేరింది.

ఒకరోజు పేరమ్మ పనిలోకి రాలేదు. మరుగుజ్జు ఎవరా అని నేను తల గోక్కుంటుంటే, శౌరమ్మ సూది దించి, నేనాడతానంది. ఆడవాళ్ళంతా ఆమె వైపు తిరిగారు. నేను, మాంత్రికుడు వచ్చాడు, నువ్వు నవ్వి తలుపు తియ్యాలన్నాను.

"అది సరేనండి. నాది ఏ ఊరు?" అంది.

మరుగుజ్జుకి ఊరేమిటి అన్నాను నవ్వుతూ.

"రాకుమారుడికి రాజ్యముంది. ఆయన గుర్రానికి కూడా పేరు పెట్టారు మీరు. ఈ కృష్ణాజిల్లాలో ఎవరైనా గడప తొక్కితే ఏ ఊరు, ఇంటిపేరేంటని అడగందే మంచినీళ్ళివ్వం గదండి. ఇన్ని పుస్తకాల్లో వీణ్ణి ఒక్కరూ అడగలేదే."

కోపం వచ్చింది, దాచను. అంత తెలిస్తే నువ్వే చెప్పమన్నాను. మర్నాటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.

కొండ మరుగుజ్జులు గుమ్మాలు తమ ఎత్తుకే కడతారు. చక్రవర్తి వచ్చినా వంగి రావలసిందే. ఉప్పు పండించే కయ్యల వాళ్ళు కొత్తవాళ్ళ ముందు పెదవి విప్పరు. చావింట మాత్రం, పోయినవాడి హాస్యాలు తలుచుకుని మూడు రోజులు నవ్వుతారు. సరస్సు వాళ్ళది తుంగచాపల మీద కాపురం. పోట్లాడుకున్న ఇద్దరూ ఒకే పడవలో చెరో తెడ్డూ వేసి అవతలి గట్టు చేరాలి, అదే వాళ్ళ పంచాయతీ. పడవ విషయంలో పేరమ్మ కలగజేసుకుని తెడ్డు పట్టడం సరిదిద్దింది. ఆ తరవాత ఆమె మోకాళ్ళ మీద నడవగా నేను చూడలేదు.

అడవి మరుగుజ్జులు దొంగలంది శౌరమ్మ. నేను ఆశ్చర్యపోయి, నీవాళ్ళని మంచివాళ్ళని చెయ్యమంటావనుకున్నానే అన్నాను.

"మంచివాళ్ళని చెయ్యమన్లేదండి. వేరువేరుగా చెయ్యమన్నాను. దొంగలైతే అయ్యారు, వాళ్ళ దొంగతనం వాళ్ళకోసం చేసుకుంటారు. ఎవడి తలుపు దగ్గరా కాపలా ఉండరు."

ఈ నాలుగు జాతులూ పదహారు పేజీలకి సరిగ్గా ఒక ఫారం అయ్యాయి. అచ్చయి బైండింగు గదికి చేరాక యజమానిగారు చదివారు. మరుగుజ్జు వస్తే పాఠకుడు నవ్వాలి, ఈ కులాలూ గోత్రాలూ ఎవడిక్కావాలి అన్నారు. పాత నవ్వే పెట్టి ఇంకో ఫారం రాసిమ్మన్నారు. రాసిచ్చాను. నెలకో నవల రాసేవాడికి వెన్నెముక ఉండదు. కొత్త ఫారం అచ్చయి వచ్చి పాతదాని పక్కనే కూర్చుంది. పాతది రద్దు కాగితాల్లోకి పోవాలి.

శౌరమ్మ కొత్త ఫారం చదివింది. ఇది కుట్టనని పక్కన పెట్టేసింది. సాయంత్రానికి కట్టలు స్టేషను స్టాళ్ళకి చేరాలి. కబురు అందుకుని యజమానిగారు విసురుగా వచ్చి ఆమె నెత్తిమీద నిలబడ్డారు. కుట్టకపోతే రేపటి నుంచి రానక్కర్లేదన్నారు. నేను గుమ్మం దగ్గర గోడకి అంటుకుపోయాను.

ఆమె గవ్వలు తీసి చాప మీద పెట్టింది. "సరేనండి. వెళ్ళేముందు ఒక్క ఆట. కూర్చోండి."

ఆట అంటే ఆయనకి సరదా. కోపంలోనూ కూర్చున్నారు.

"రాజు ఈసారి లేడండి. మీరు మరుగుజ్జు, నేను మాంత్రికుణ్ణి." ఆమె నడుం నిటారుగా చేసింది. "ఒరేయ్, మరుగుజ్జూ. నవ్వు."

ఆయన మొహం కందగడ్డ అయింది. ఆ గదిలో ఆయన్ని ఎవరూ ఏకవచనంలో పిలిచి ఎరగరు.

"నవ్వరా. నవ్వి తలుపు తియ్యి."

"ఎందుకు నవ్వాలి?" అన్నారాయన.

"అంతేనండి. నా ఫారంలో ఉన్నది ఆ ఒక్క ముక్కే."

యజమానిగారు గవ్వల్ని ఆమె వైపు నెట్టేశారు. తరవాత లేచి, పంచె దులుపుకుని, నా మొహం చూడకుండా నన్ను దాటుకుని వరండాలోకి వెళ్ళిపోయారు. నాకు సిగ్గేసింది. ఆ మాట ఆయన నోటి నుంచి వచ్చింది, నా నోటి నుంచి ఎప్పుడూ రాలేదు.

కాసేపటికి వరండాలోంచి ఆయన గొంతు వినపడింది.

"పాత ఫారమే కుట్టండి."

"అదే కుడుతున్నానండి," అంది శౌరమ్మ, తలెత్తకుండా. ఆయన కబురు అందుకుని వచ్చేలోగానే దానితో పన్నెండు పుస్తకాలు కుట్టేసింది.