మార్లీన్ కుచేరా శుక్రవారాలు

మార్లీన్ కుచేరా పిరికిది. ఈ మాట ఆమె మొగుడు డ్వేన్ నవ్వుతూ అంటాడు, తల్లి బతికున్నన్నాళ్ళూ తిడుతూ అనేది. స్టవ్ కట్టేశానో లేదో అని సగం దారిలోంచి కారు వెనక్కి తిప్పే మనిషి. సుడిగాలి సైరన్ మోగితే వీధి మొత్తానికి ముందు నేలమాళిగలో దూరేది ఆమే. అలాంటి మనిషి మా నెబ్రాస్కా ఊళ్ళో, హైస్కూల్లో, పన్నెండో తరగతికి ఏళ్ళ తరబడి పౌరశాస్త్రం చెప్పింది. పిల్లలు ఆమెను పొట్టిగా మిసెస్ కె అంటారు. శుక్రవారం వచ్చిందంటే చాలు, అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసే సంగతులన్నీ క్లాసులోకి లాగి పిల్లల చేత వాదింపజేసేది. ఆ ఒక్క గంటా ఆమెకు భయమన్నది తెలిసేది కాదు.

పద్ధతి ఇది. పిల్లలు ఆ వారం వార్తల్లోంచి తలా ఒక ప్రశ్న చీటీ మీద రాసి పాత కాఫీ డబ్బాలో వేస్తారు. వంతు వచ్చినవాళ్ళు లేచి ఒక చీటీ తీస్తారు. తీసినవాళ్ళు తమ మనసులో ఉన్నదానికి సరిగ్గా ఎదుటి పక్షం వాదించాలి. రైతు కొడుకు రైతులకిచ్చే ప్రభుత్వ సాయం దండగనాలి. వేటకెళ్ళే పిల్ల తుపాకులు కట్టడి చెయ్యాలనాలి. మా మేయరు ఒకప్పుడు ఆ డబ్బాలో చెయ్యి పెట్టినవాడే. ఓట్లతో గెలిచే పోలీసు అధికారి షెరీఫ్ దగ్గర డిప్యూటీగా పనిచేసే రైమర్స్ కూడా అంతే. పోలీసుల జీతాలు తగ్గించాలని వాదించి చప్పట్లు కొట్టించుకున్నానని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతాడు.

ఈ ఏడు గాలి మారింది. కాగితాల్లేని వలసవాళ్ళని పట్టుకెళ్ళే ఇమ్మిగ్రేషన్ వాళ్ళ నల్లద్దాల బండ్లు మాంసం ఫ్యాక్టరీ దగ్గర తిరుగుతున్నాయని ఒకరన్నారు, అబ్బే, అవి పశువుల డాక్టర్లవని ఇంకొకరన్నారు. చర్చిలో స్పానిష్ ప్రార్థనకొచ్చే జనం సగానికి సగం పలచబడ్డారు. ప్రిన్సిపాల్ టీగ్ మార్లీన్‌ని గదిలోకి పిలిచి, కొన్నాళ్ళు ఆ చర్చలు ఆపితే ఎలా ఉంటుంది అని నీళ్ళు నమిలాడు. ఎవరైనా ఫోన్లో రికార్డు చేసి ఊరంతా తిప్పితే తానేమీ అడ్డుపడలేనని కూడా అన్నాడు. ఆమె సరేనంది. సరేనందే గానీ ఆపడానికి మనసొప్పలేదు. అప్పట్నుంచి శుక్రవారం డబ్బా తీసేముందు క్లాసు తలుపు మూసి వచ్చేది.

అక్టోబరులో ఒక శుక్రవారం ఇత్సేల్ బారియెంటోస్ వంతు వచ్చింది. గ్వాటెమాలా వాళ్ళ పిల్ల, పుట్టింది మాత్రం మా ఊరి ఆసుపత్రిలోనే. తండ్రి అన్సెల్మో ఫ్యాక్టరీలో మాంసం కోస్తాడు. పిల్ల నెమ్మదస్తురాలే, కానీ వాదన మొదలెడితే ఎదుటివాళ్ళు గుక్క తిప్పుకోలేరు. ఆ రోజు ఆమె చేతికొచ్చిన చీటీ డిప్యూటీ కొడుకు కోల్ట్ రైమర్స్ రాసింది. ఇమ్మిగ్రేషన్ వాళ్ళు మనుషుల్ని పట్టుకోవడానికొస్తే మన షెరీఫ్ వాళ్ళకు తోడు వెళ్ళాలా వద్దా?

ఇత్సేల్ చీటీ చదివి మార్లీన్ వైపు చూసింది. ఇంకో చీటీ తీసుకోనా అని అడిగే చూపది. మార్లీన్‌కి అర్థం కాకపోలేదు. అయితే, వద్దులే అంటే ఆ పిల్లను తనే వేలెత్తి చూపినట్టవుతుందని జంకింది. కానివ్వమని తలూపింది.

పిల్ల బాగానే మొదలుపెట్టింది. చట్టమంటే అందరికీ చట్టమే, షెరీఫ్ తనకు నచ్చినవాటినే అమలు చేస్తానంటే కుదరదు, ఓటేసినవాళ్ళు ఊరుకోరు అంది. ఎక్కడా తడబడలేదు. కోల్ట్ కూడా బాగుందన్నట్టు తలాడించాడు. ఉన్నట్టుండి ఆగిపోయింది.

"నావల్ల కాదు, మిసెస్ కె," అంది. "మా నాన్నకి కాగితాల్లేవు."

మార్లీన్‌కి ఏదో ఒకటి అనాలి, ఆ మాట మీద ఇంకో మాట కప్పెయ్యాలి అని తెలుసు, నోరు పెగిలితేనా? చివరికి, టైమయింది, పుస్తకాలు తియ్యండి అంది. టైము కాలేదు. పిల్లలు నోరెత్తకుండా పుస్తకాలు తీశారు. కోల్ట్ మాత్రం బల్ల వంక చూస్తూ కూర్చున్నాడు. వెనక వరసలో ఎవరి ఫోనో బల్ల మీద నిలబెట్టి ఉండడం ఆమె అప్పుడే గమనించింది.

ఆ సాయంత్రం స్కూలు ఫుట్‌బాల్ ఆట. గెలిచామో ఓడామో ఆమెకు పట్టలేదు. గేటు దగ్గర డిప్యూటీ రైమర్స్ యూనిఫాంలో నిలబడి ఉన్నాడు. ఆటయ్యాక కోల్ట్ హెల్మెట్ చంకలో పెట్టుకుని తండ్రి దగ్గరికెళ్ళి, తల దగ్గరికి వంచి ఏదో చెప్పాడు. మార్లీన్ డ్వేన్ మోచెయ్యి పట్టుకుంది.

"వాడు ఆకలేస్తోందని చెప్తున్నాడేమో," అన్నాడు డ్వేన్. "నీ దగ్గర చదివే పిల్లలు, మార్లీన్. కాస్త నమ్ము."

నమ్మడం అంత సుళువా? శనివారమంతా ఆ క్లాసులో ఒక్కొక్క మొహమూ తలచుకుని, ఈ పిల్ల తల్లికి నోరాగదు, ఆ పిల్లాడి మేనమామ ఎక్కడ పడితే అక్కడ పోట్లాట పెట్టుకుంటాడు అని లెక్క వేసుకుంది. ఎవరికీ చెప్పొద్దని పిల్లల్నే బతిమాలుకుందామంటే, మర్చిపోయినవాళ్ళకు కూడా గుర్తుచేసినట్టవుతుందని భయం. వంటింట్లో గిన్నె చెయ్యిజారి పగిలితే పోలీసులొచ్చినంత పనైంది. నిజం చెప్పాలంటే, చెయ్యాల్సింది ఏమీ లేదు. ఊరుకోవాలి, అంతే. కానీ భయస్తులకు చేతకానిదల్లా అదొక్కటే.

ఆదివారం చర్చినుంచి వచ్చి, కోటైనా విప్పకుండా, ఇత్సేల్ ఇంటికి ఫోన్ చేసింది. పిల్ల చర్చి పాటల అభ్యాసానికెళ్ళింది. తల్లి ఒదిలియా ఎత్తింది. ఆమెకు ఇంగ్లీషు అంతంతమాత్రం, ఈమెకు స్పానిష్ అంతకంటే తక్కువ. ఆ రెంటినీ కలిపి మార్లీన్ జరిగిందంతా చెప్పుకొచ్చింది. మీ అమ్మాయి తండ్రి సంగతి క్లాసులో చెప్పేసింది, అందరూ విన్నారు, డిప్యూటీ కొడుకు కూడా అక్కడే ఉన్నాడు, జాగ్రత్తగా ఉండండి. సరే టీచర్, మీరు చాలా మంచివారు అని ఒదిలియా ఫోన్ పెట్టేసింది. మార్లీన్‌కి గుండెల మీంచి బండ దించినట్టయింది. రెండ్రోజులుగా తిండి సయించని మనిషి ఆ మధ్యాహ్నం కడుపునిండా తింది.

సోమవారం ఇత్సేల్ కుర్చీ ఖాళీ. మంగళవారమూ అంతే. బుధవారం స్కూల్లో చిల్లీ అనే చిక్కుడుగింజల మాంసం పులుసు, తియ్యటి దాల్చినచెక్క రొట్టె పెట్టే రోజు, ఏ పిల్లా నాగా పెట్టదు. ఆ రోజూ రాకపోయేసరికి మార్లీన్ ఇత్సేల్ వాళ్ళుండే, చక్రాల మీది ట్రెయిలర్ ఇళ్ళ దగ్గరికి కారేసుకుని వెళ్ళింది. కిటికీలకు తెరల్లేవు. మెట్టు మీద పూలకుండీలు అలాగే ఉన్నాయి. పక్కింటి ముసలాయన చెప్పాడు: ఆదివారం చీకటి పడకముందే వెళ్ళిపోయారు. పిల్లకి చెప్పాపెట్టకుండా చర్చి దగ్గరికెళ్ళి, ఆమెను ఎక్కించుకుని అటునుంచి అటే. అన్సెల్మో ఆ వారం జీతం కూడా తీసుకోలేదు. మంచమూ ఫ్రిజ్జూ నన్ను ఉంచుకోమన్నారు. ఎటు వెళ్ళారో నేను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

కారులో కూర్చుని మార్లీన్ తలుపు వేసుకుంది. అనుకున్నంతా అయింది. పిల్లల్లో ఎవరో తండ్రితో అన్నారు, ఆయన ఇంకెవరికో ఉప్పందించాడు, ఆ కబురు అన్సెల్మో చెవిన పడింది. తను ఫోన్ చేసిన రోజే వాళ్ళు వెళ్ళిపోయారన్నది కళ్ళెదురుగా కనబడుతూనే ఉంది. అటు చూడలేదామె. చూడనంటే చూడను అన్నట్టు కోల్ట్ పేరు పట్టుకుని ఇంటిదాకా నడిపింది. గురువారం క్లాసులో వాడు చెయ్యెత్తితే చూడనట్టే ఊరుకుంది.

శుక్రవారం డబ్బా తియ్యలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. గంట కొట్టాక అందరూ వెళ్ళారు గానీ కోల్ట్ ఆగాడు. ఆరడుగుల మనిషి, ఏం చెయ్యాలో తెలియక టోపీ తీసి చేతుల్లో నలుపుతున్నాడు. వాడు నోరు తెరవకముందే మార్లీన్‌కి ఒళ్ళు మండింది, భయమూ వేసింది.

కోల్ట్ చెప్పింది ఇది. ఆ శుక్రవారం స్కూలయ్యాక వాళ్ళంతా కార్లు నిలిపే చోట కలుసుకున్నారు. ఇత్సేల్ కూడా ఉంది. వెనక వరస పిల్లాడి చేత ఫోన్లో ఉన్నది అందరి ముందూ తుడిపించేశారు. ఇంట్లో గానీ బయట గానీ ఈ మాట ఎత్తకూడదని ఒట్టేసుకున్నారు. ఇత్సేల్ ఏడ్చి, తర్వాత నవ్వి, ఇంట్లో తెలిస్తే అమ్మ భయపడుతుంది, అమ్మకి చెప్పొద్దు అంది.

"మా నాన్నకిప్పటికీ తెలీదు, మిసెస్ కె," అన్నాడు. "నిన్న మళ్ళీ ఒక్కొక్కరినీ నిలబెట్టి అడిగాను. ఎవరూ చెప్పలేదు. మరి వాళ్ళింట్లో ఎలా తెలిసింది?"

అబద్ధం నాలిక చివరే ఉంది. నాకేం తెలుసు నాయనా అనొచ్చు. వాడు నమ్మేవాడే. అదే ఆమెకు మింగుడు పడలేదు.

"నేనే ఫోన్ చేశాను," అంది మార్లీన్.

"ఎందుకు?"

"భయమేసింది, కోల్ట్."

"ఎవర్ని చూసి?"

ఆమె పిల్లలు కూర్చునే ఖాళీ బల్లల వంక చూసింది. కోల్ట్ కూడా వెనక్కి తిరిగి వాటిని చూశాడు. అర్థమయ్యేసరికి మెడ దాకా ఎర్రబడ్డాడు.

"మమ్మల్నా?" అన్నాడు.