సాయిబు తాత క్లారినెట్

మొన్న మాఘమాసంలో మా ఇంటి ముందు నుంచి ఒక పెళ్ళి ఊరేగింపు వెళ్తుంటే, ఆ చప్పుడుకు కిటికీ తలుపులు అదురుతున్నా ఆశ చావక గుమ్మంలోకి వచ్చి చూశాను. జరీ కుచ్చుల యూనిఫారాలు తొడుక్కున్న ఇద్దరు మనుషులు క్లారినెట్లు మూతికి ఆనించుకుని దర్జాగా నడుస్తున్నారు గానీ, పాట మాత్రం వెనక వ్యానులో స్పీకర్లలోంచి వస్తోంది. ఫొటోలో బాగుంటుందని పెట్టించారట. ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది, లోపలికొచ్చి కూర్చున్నాక ఎందుకో కళ్ళనీళ్ళు ఆగలేదు.

నా ఈడు నరసరావుపేట వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు, ఎనభైల్లో మన ఊరి బ్యాండుమేళం కావాలని గురజాల, మాచర్ల నుంచి కూడా పెళ్ళివారు వెతుక్కుంటూ వచ్చేవారు, డ్రమ్ములూ బాకాలూ మాచర్ల పాసింజరులో ఎక్కించుకుని మేళం వాళ్ళు బయల్దేరితే స్టేషన్లోనే సగం పెళ్ళి అయిపోయినట్టుండేది. మా వీధి చివర పెంకుటింట్లో ఉండే సాయిబు తాత ఆ మేళంలో క్లారినెట్ వాయించేవాడు. సాయంత్రం పూట ఆయన అరుగు మీద కూర్చుని సాధన మొదలుపెడితే మా అమ్మ పొయ్యి మీద పాల సంగతి మరిచిపోయేది, ఆ పాలు పొంగిపోయినందుకు అరవాల్సిన మా నాన్న కూడా అరవడం మరిచిపోయేవాడు.

అలాంటి తాతకు మోకాళ్ళు పట్టేశాయి. ఊపిరికేం లోటు లేదు, కానీ పెళ్ళి బ్యాండంటే ఊరంతా నడవాలి కదా. మేళం వాళ్ళు చానా మంచివాళ్ళు, కొన్నాళ్ళు రిక్షాలో కూర్చోబెట్టి తమతో తిప్పుకున్నారు. పెళ్ళికొడుకు కారు ముందు ఈ రిక్షా ఏందని ఒకరిద్దరు పెళ్ళివారు మూతి విరిచేసరికి తాతే మానుకున్నాడు. ఇంట్లో ఆయన భార్య, మేమంతా నానమ్మ అని పిలిచే ఆవిడ, ఆయాసంతో మంచం పట్టి ఉంది. మందులు ఆగితే మనిషి దక్కదని డాక్టరు చెప్పేశాడు.

నేనప్పుడు ఒక సర్కారు ఆఫీసులో కొత్తగా చేరిన గుమస్తాను. ముసలి కళాకారులకు పింఛను ఇస్తారని, ఆ దరఖాస్తులు నా టేబుల్ మీదకే వస్తాయని తెలియగానే ఫారం పట్టుకుని తాత ఇంటికి పరుగెత్తాను. విచారణ రోజున నువ్వు కళాకారుడివో కాదో చూస్తారు, బాగా వాయించు తాతా అని మరీ మరీ చెప్పింది నేనే. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆ రోజు తాత వరండాలో కుర్చీ వేయించుకుని ఎంత బాగా వాయించాడంటే, కాగితాల కోసం వచ్చిన రైతులు వరస వదిలేసి చుట్టూ చేరారు, టైపు మిషన్లు ఆగిపోయాయి, మా ఆఫీసరు కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకుని లోపలికెళ్ళి, వాయించే శక్తి పుష్కలంగా ఉంది, సంపాదించుకోగలడు అని రాసి దరఖాస్తు తిప్పేశాడు. నడవలేడండీ అని నేను మొత్తుకుంటే, ఫారంలో కళ సంగతి అడిగారు గానీ కాళ్ళ సంగతి అడగలేదమ్మా అన్నాడు. చెడ్డవాడు కాదు పాపం, రూలు మనిషి.

ఏడాది తిరిగేలోపు నానమ్మకు మరీ ఎక్కువైంది. ఈసారి నేనే జాగ్రత్తపడి, ఊపిరి చాలదు, వాయించలేడు అని నా చేత్తో రాసి, అడిగితే ఊరికే దగ్గమని తాతకు నేర్పాను. రాసింది చదివి వినిపించమన్నాడు. వినిపించాను. చాలాసేపు నానమ్మ మంచం వైపు చూసి, కలం తీసుకుని ఉర్దూలో సంతకం పెట్టాడు. తీరా విచారణలో దగ్గే పని కూడా పడలేదు, కొత్తగా వచ్చిన ఆఫీసరు తలెత్తకుండానే సరే అన్నాడు. నెలనెలా మనియార్డరు వచ్చేది, మందులు వచ్చేవి, నానమ్మ లేచి గోడకు ఆనుకుని కూర్చోగలిగింది. నేనేదో ఘనకార్యం చేశానని పొంగిపోయాను.

ఆ తర్వాత కూడా సాయంత్రాలు తాత అరుగు మీదే కూర్చునేవాడు, కానీ చేతులు ఊరికే ఒళ్ళో పెట్టుకుని. నీరసమేమో అనుకున్నాను. నా పెళ్ళి కుదిరాక శుభలేఖ పట్టుకెళ్ళి, ఊరేగింపులో నడవక్కర్లేదు, పందిట్లోనే కుర్చీ వేయిస్తాను, ఒక్క పాట వాయించమని బతిమాలాను. తల అడ్డంగా ఊపాడు.

"వాయించలేనని సంతకం పెట్టాగా బిడ్డా, ఇంకెట్టా వాయిస్తా?"

మనింట్లోనేగా తాతా, ఎవరు చూడొచ్చారు అన్నాను, ఆఫీసు తెలివితేటలన్నీ ఉపయోగించి.

"ఎవురూ చూడకపోయినా నాకు ఇనపడుద్దిగా," అన్నాడు.

ఆ గొంతులో కోపం లేదు, నిష్ఠూరం లేదు. శుభలేఖ కళ్ళకద్దుకుని నానమ్మకు చూపించడానికి లోపలికి తీసుకెళ్ళాడు.

నానమ్మ ఇంకో నాలుగేళ్ళు బతికింది. ఆవిడ పోయాకైనా వాయిస్తాడేమోనని పుట్టింటికి వచ్చినప్పుడల్లా చెవులు రిక్కించుకుని కూర్చునేదాన్ని. వాయించలేదు. ఆ తర్వాత తాతా వెళ్ళిపోయాడు, వీధిలో పెంకుటిళ్ళు పోయి మేడలు లేచాయి, ఇప్పుడు కళాకారులకు కార్డులున్నాయట, దరఖాస్తు ఫోన్లోనే పెట్టుకోవచ్చట, మంచిదే. ఆ రోజులే మళ్ళీ వస్తే నానమ్మ ప్రాణం కోసం నేను మళ్ళీ ఆ మాటే రాస్తాను, అది నాకు తెలుసు. తెలిసి కూడా, ఆ వాయిద్యం ఒక్కసారి వినాలని ఈ వయసులో ప్రాణం కొట్టుకుంటుంది. నా సర్వీసు మొత్తంలో నేను రాసిన అబద్ధం అదొక్కటే, దాన్ని తాత నిజం చేసేశాడు.