పెద్దమ్మ తోమిన నల్లగిన్నెలు

ఎండ అంటే ఆర్మూరులో అందరికీ పసుపు గుర్తొచ్చే రోజులవి. నాకొక్కదానికే ఉద్యోగం గుర్తొచ్చేది. పసుపు ఉడకబెట్టే కాలం వచ్చిందంటే కళ్లాల్లో, వాకిళ్లలో, చివరికి రోడ్డు పక్కన కూడా కొమ్ములు పరిచి ఉండేవి. జనం తలెత్తి చూసి, మబ్బు లేదని సంతోషించేవారు. నేనూ తలెత్తి చూసేదాన్ని. అప్పుడే డిగ్రీ పూర్తిచేసి, టైర్ల దుకాణం పైన నడిచే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో 'ఫీల్డ్ మోటివేటర్'గా చేరాను. ఆ రెండు మాటలకు అర్థం నాకే సరిగ్గా తెలియదు, మా బాపుకైతే అసలే తెలియదు. సిరికొండ దగ్గర మా ఊళ్లో ఆయన, బిడ్డకు కరెంటాఫీసులో నౌకరీ వచ్చిందని చెప్పుకున్నాడు. (దాంతో కాలిపోయిన మోటార్ల ఫిర్యాదులన్నీ మా ఇంటికి రావడం మొదలైంది. ఆయన అవన్నీ శ్రద్ధగా విని, నా బిడ్డకు చెప్త అని పంపించేవాడు.)

మా పని ఎండతో అన్నం వండించడం. ట్రంకుపెట్టెలాంటి డబ్బా, లోపల నల్లరంగు వేసిన రేకు, పైన అద్దం మూత, దానికి ఆనించి వెలుగును లోపలికి మళ్లించే ఇంకో అద్దం. నల్లరంగు పూసిన గిన్నెల్లో బియ్యం, నీళ్లు పోసి లోపల పెట్టి, పొద్దును బట్టి పెట్టెను తిప్పుతూ ఉంటే మధ్యాహ్నానికి అన్నం అవుతుంది. కట్టెలు లేవు, ఊదడం లేదు, పొగ లేదు. ఆ సంస్థను నడిపే పెద్దమనిషిని మేమంతా చాటుగా ఎండ సార్ అనేవాళ్లం. నిజానికి మంచివాడు. మన దేశంలో ప్రతి ఆడమనిషీ పొయ్యి పొగలోంచి బయటికి రావాలని చెబుతుంటే ఆయన గొంతు వణికేది, మా కళ్లల్లో నీళ్లు తిరిగేవి. ఆయన మాత్రం ఎప్పుడూ నీడలో నిలబడే చెప్పేవాడు, ఎండ పడేది కాదు పాపం.

ఆ మాటలు విన్నప్పుడల్లా నాకు మా పెద్దమ్మ దగ్గు గుర్తొచ్చేది. పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. కాలేజీ కోసం పెర్కిట్‌లో వాళ్లింట్లోనే ఉండి చదువుకున్నాను, ఉద్యోగం వచ్చాక కూడా అక్కడే ఉన్నాను. ఆమె పొద్దంతా ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుట్టేది, రెండు పూటలా కట్టెల పొయ్యి ఊదేది. దగ్గు మొదలైతే చేతిలో బీడీ చేతిలోనే ఉండిపోయేది, మాట సగంలో ఆగిపోయేది. దవాఖానలో డాక్టరమ్మ ఊపిరితిత్తులు పాడయ్యాయనీ, తంబాకూ పొగా రెండూ మానకపోతే ఎక్కువ రోజులు బతకదనీ మొహం మీదే చెప్పింది. తంబాకు మానితే ఇల్లు గడవదు. మా వాడకు గ్యాసు ఇంకా రాలేదు. ఇక మిగిలింది ఎండ ఒక్కటే. మొదటి పెట్టెను పట్టుబట్టి మా పెద్దమ్మ వాకిట్లోనే పెట్టించాను. ఊరికి చూపించడానికి పెట్టిన నమూనా అని కాగితాల మీద రాసుకున్నారు. నా లెక్కలో మాత్రం అది పెద్దమ్మ మందు.

పెద్దమ్మ భర్త, మా పెద్దబాపు, దానికి ఒప్పుకోలేదు. ఆయన ఏటా పసుపు ఉడకబెట్టే పనికి పోయేవాడు, పెద్ద పెద్ద కడాయిల కింద మంట చూసుకోవడం ఆయన పని. ఆయన లెక్క ఆయనకుంది: ఉడకబెట్టేది నిప్పు, ఎండబెట్టేది ఎండ. ఈ రెండూ కలిపి గోల్‌మాల్ చేస్తే పసుపూ కాదు, బువ్వా కాదు. ఎదురింటి అవ్వకు కూడా అదే అనుమానం. ఎండల పెడితే బువ్వ వడియాలైతది గని ఉడుకుతదా అని వాడంతా చెప్పి, పందెం కట్టినట్టు వచ్చి గోడ పక్కన కూర్చుంది. మధ్యాహ్నం నేను మూత తీసేసరికి ఆవిరి గుప్పున వచ్చింది. (నా కళ్లద్దాలు మసకబారి నాకే ఏమీ కనబడలేదు, అయినా ఉడికింది ఉడికింది అని అరిచాను.) అవ్వ ఒక మెతుకు వేళ్ల మధ్య నలిపి చూసి, ఇంటికి పోయి తన గిన్నె తెచ్చుకుంది.

ఆ ఎండాకాలం నా జీవితంలో నేను గొప్పదాన్నని నమ్మిన ఒకే ఒక్క కాలం. పెద్దమ్మ పెట్టెకు ఎదురుగా వేపచెట్టు నీడలో కూర్చొని బీడీలు చుట్టుకుంటూ, మధ్యమధ్యలో లేచి పెట్టెను ఎండకు తిప్పేది. రొట్టెలు అందులో కావు కాబట్టి రాత్రికి కూడా మధ్యాహ్నం అన్నమే తినేవాళ్లం. పెద్దబాపు గొణిగేవాడు కానీ తినేవాడు. మెల్లమెల్లగా దగ్గు తగ్గింది. ఒకరోజు ఆయన కొత్త చెప్పులు ఎక్కడో పోగొట్టుకొని వస్తే, పెద్దమ్మ ఆయన్ను పట్టుకొని, ఆయన చిన్నప్పుడు తప్పిపోయిన సంగతి దగ్గర్నుంచి మొదలుపెట్టి ఆ చెప్పుల దాకా, ఒక్క గుక్కలో తిట్టింది. ఆయన తల వంచుకొని అన్నీ విన్నాడు. తర్వాత నా దగ్గరికొచ్చి మెల్లగా, "ఇన్నవా బిడ్డా, నడుమల ఒక్కపారి గూడ దగ్గలే" అన్నాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. నేను కూడా ఏడ్చాను, దాచుకోవడం దేనికి.

ఈ సంగతి నేను ఆఫీసులో గొప్పగా చెప్పుకోకుండా ఉంటే బాగుండేది. ఎండ సార్ విని మురిసిపోయి, ఢిల్లీ నుంచి వస్తున్న పెద్దలకు మా పెద్దమ్మ ఇల్లే చూపించాలని నిర్ణయించాడు. వాళ్లకు నచ్చితే సంస్థకు మళ్లీ డబ్బులొస్తాయి, నా ఉద్యోగం పక్కా అవుతుంది. నేను దండలు, నీళ్ల సీసాలు అంటూ తెల్లారకముందే ఆఫీసుకు పరుగెత్తాను. వంట సంగతి ఫికర్ చేయొద్దని పెద్దమ్మ చెప్పింది. పొద్దు బాగా ఎక్కాక ఒకసారి చూసిపోదామని వచ్చేసరికి వాకిలి చల్లి ముగ్గేసి ఉంది, పెట్టె అద్దం తళతళలాడుతోంది. మూత తీశాను. లోపల గిన్నెలు కూడా తళతళలాడుతున్నాయి. ఇటుకపొడి, చింతపండు, ఇసుక వేసి, నల్లరంగు ఆనవాలు కూడా లేకుండా తోమేసింది. అంతటితో ఆగలేదు, పెట్టె అడుగున రేకును కూడా గీకి గీకి వెండిలా చేసి పెట్టింది. బియ్యం గోరువెచ్చని నీళ్లలో హాయిగా నానుతున్నాయి.

అరుగు మీద కూలబడ్డాను. నల్లరంగు ఉంటేనే ఎండ వేడి పట్టుకుంటుందని నేను ఊరూరా తిరిగి చెప్పాను కానీ మా ఇంట్లో చెప్పలేదు. (ఇంట్లో వాళ్లకు అన్నీ తెలుసని మనం అనుకుంటాం.) పెద్దమ్మకు మాత్రం ఇన్నాళ్లూ అది మనసులో పొడుస్తూనే ఉందట. "గంత పెద్దోళ్లస్తుంటె మసి గిన్నెలు ముందల పెడితె నా ఇజ్జత్ ఏముంటది బిడ్డా" అంది. ఆమె జీవితమంతా గిన్నెల మసి మీద యుద్ధం చేసిన మనిషి. ఆమెను ఏమని అనగలను? నేను చెప్పింది విన్నాక ఆమె ముఖం చిన్నబోయింది. కాసేపు పెట్టె వైపు, కాసేపు నా వైపు చూసి, కారు ఇల్లు దాటి పోతుందేమో రోడ్డు మీద నిలబడమని నన్ను పంపించింది. నేను ఉద్యోగం పోయిందనే లెక్కలోనే పోయి నిలబడ్డాను.

కారు చాలా ఆలస్యంగా వచ్చింది. దారిలో అంకాపూర్‌లో నాటుకోడి కూరకు ఆర్డరిచ్చి వచ్చారట. వాళ్లను వెంటబెట్టుకొని వాకిట్లోకి వచ్చాను. ఎండ సార్ కొంగలా మెడ సాచి మూత తీశాడు, వేడివేడి అన్నం, పప్పు. గిన్నెలు, అడుగున రేకు కూడా నల్లగా ఉన్నాయి. ఆ ఒక్క క్షణం, సైన్సు చదివిన నేను, సూర్యభగవానుడు మా ఇంటి మీద దయ చూపించాడని నిజంగా నమ్మాను. ఎండ సార్ గిన్నె మీద వేలు పెట్టి, చూడండి ఈ నల్లరంగే కదా వేడిని పట్టుకునేది అని వివరించి వేలు తీసేసరికి వేలంతా మసి. రంగు నాసిరకం, రాసుకో అని నాతో అన్నాడు. రాసుకున్నాను. రాసుకుంటూ ఉండగానే ఇంటి వెనక నుంచి కందికట్టె కాలిన వాసన వచ్చింది. పెద్దమ్మ తడిక పక్కన నిలబడి ఉంది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి, కొంగు నోటికి గట్టిగా అడ్డం పెట్టుకుంది.

వచ్చిన వాళ్లలో ఒక మేడమ్ ఎంతో ప్రేమగా ఆమె దగ్గరికి పోయి, ఈ పెట్టె వచ్చాక దగ్గు తగ్గిందా అని అడిగింది. ఎండ సార్ తెలుగులో చెప్పాడు. జవాబు చెప్పాలంటే పెద్దమ్మ నోరు తెరవాలి. నోరు తెరిస్తే దగ్గు వస్తుంది. ఆమె ఊపిరి బిగబట్టి, ఛాతీ ఎగిసిపడుతుంటే, తగ్గిందన్నట్టు తల ఊపి నవ్వింది. కళ్లల్లోంచి నీళ్లు కారాయి. సంతోషం పట్టలేక మాట రావడం లేదు అని ఎండ సార్ వాళ్లకు ఇంగ్లీషులో చెప్పాడు. అందరూ కరిగిపోయారు, ఫోటో తీసుకున్నారు. కోడికూర కోసం కడుపులో జాగా ఉంచుకోవాలి కాబట్టి తలా రెండు ముద్దలు రుచి చూశారు. అన్నానికి ఏదో కొత్త సువాసన ఉందని మేడమ్ అంటే, అది ఎండ రుచి అన్నాడు సార్. కారు మలుపు తిరిగేదాకా పెద్దమ్మ అలాగే నిలబడింది. తిరిగాక దగ్గడం మొదలుపెట్టింది, ఇక ఆగలేదు. పెద్దబాపు, నేను ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. దారి పొడుగునా నా చేయి పట్టుకొని, ఊపిరి అందినప్పుడల్లా ఆమె అడిగింది ఒక్కటే, నౌకరీ పక్కా అయిందా అని.

ఆమె దవాఖానలో ఉన్నప్పుడు పెద్దబాపు ఎవరూ చెప్పకుండానే బజారుకు పోయి నల్లరంగు డబ్బా తెచ్చాడు. ఎండ ఉడకబెట్టదని వాదించిన ఆ మనిషే వాకిట్లో గొంతుక్కూర్చొని గిన్నెలకు, రేకుకు రంగు పూశాడు. పెద్దమ్మ ఇంటికొచ్చాక ఇకనైనా పొగ ఉండదని అందరం అనుకున్నాం. అంతలోనే పెట్టెను తీసుకుపోవడానికి ఆఫీసు నుంచి ఆటో వచ్చింది. పెర్కిట్‌లో ప్రయోగం నూటికి నూరుపాళ్లు సఫలమైందట, ఇక ఇక్కడ నమూనాతో పనిలేదట, వేరే జిల్లాలో చూపించాలట. నేను పరుగున పోయి ఎండ సార్‌కు ఆ రోజు జరిగిందంతా చెప్పేశాను. ఆయన బల్ల మీది ఫైలు మూసేశాడు. తర్వాత, "రిపోర్టులో అన్నం ఉడికిపోయిందమ్మా, ఇప్పుడు మళ్లీ బియ్యం చేయలేం" అన్నాడు. ఆయన గొంతు వణికింది. ఆ వణుకు నిజమైనదే. అయినా ఆయన మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు.

ఇంటికి తిరిగొచ్చేసరికి పెద్దమ్మ పెట్టెను తడిబట్టతో తుడిచి, గిన్నెలు లోపల సర్ది, మూత కట్టి సిద్ధంగా పెట్టింది. ఈసారి రంగు మీద చేయి కూడా వేయలేదు. నేను ఆటోకు అడ్డం నిలబడి ఏడుస్తుంటే నన్ను పక్కకు లాగి, "పోనియ్ బిడ్డా, గా ఊళ్లె గూడ ఎవలో ఒకామె దగ్గుతుంటది గద" అంది. ఆ వానాకాలం అంతా తడికట్టెలు ఊదింది. చలికాలం దాటలేదు. ఆ తర్వాత కొన్నేళ్లకు వాడలో ఇంటింటికీ గ్యాసు వచ్చింది. అందరికన్నా ముందు దరఖాస్తు పెట్టుకున్నది పెద్దబాపు.

నా ఉద్యోగం మాత్రం పక్కా అయింది. పెట్టెలు పోయి ఎండతో కరెంటు ఇచ్చే పలకలొచ్చాయి, పలకల తర్వాత పొగ రాని పొయ్యిలొచ్చాయి, నా తల సగం నెరిసింది, నేను ఆ పనిలోనే ఉండిపోయాను. ఇప్పుడు నేను ఊళ్లకు పోతే నాకూ వాకిలి చల్లి ముగ్గేస్తారు. కొత్త పొయ్యికి పసుపు కుంకుమ పెట్టి, దాని మీదే వండామని చెప్పి అన్నం పెడతారు. నేను తినకముందే లేచి ఇంటి వెనక్కి నడుస్తాను. మేడమ్‌కు అర్జెంటని అనుకొని పాపం ఎవరో ఒకరు చెంబుతో నీళ్లు చేతికిస్తారు. మొన్న సిరికొండ అవతల ఒక ఇంట్లో అలాగే చెంబు పట్టుకొని వెనక్కి పోయాను. మట్టిపొయ్యి ముందు ఒక ముసలమ్మ రొట్టె కాలుస్తోంది. నన్ను చూడగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఊపిరి బిగబట్టింది. నేను చెంబు పక్కన పెట్టి ఆమె దగ్గర కూర్చున్నాను. "దగ్గు అవ్వా. నేనేం రాసుకోను" అన్నాను.

ఆమె నమ్మకం లేనట్టు నా ముఖంలోకి చూసి, ఇక ఆపుకోలేక, వంగిపోయి దగ్గింది. నేను వీపు నిమురుతూ ఉండిపోయాను. తెరిపిన పడ్డాక, మేమిచ్చిన పొయ్యి మీద జొన్నరొట్టె పొంగడం లేదని, ఆ మాట చెబితే పొయ్యి తీసుకున్న కోడలికి మాటొస్తుందని భయపడ్డానని మెల్లగా చెప్పింది. చెప్పి, పొయ్యి మీది రొట్టె తీసి నా చేతిలో పెట్టింది. ముందు వాకిట్లో మా జీపు హారన్ కొడుతున్నా నేను లేవలేదు. రొట్టె తుంచుతుంటే నా కళ్లల్లోంచి నీళ్లు కారడం చూసి, గింత పొగకే గిట్లయితె ఎట్ల మేడమ్ అని అవ్వ నవ్వింది. పొగకేనని చెప్పి నేనూ నవ్వాను.